నీటిమీద తేలెడు సౌరఫలకములు — మన చెఱువులు

ఇటీవల మన సంఘముల సమావేశములలో ఒక క్రొత్త ప్రశ్న తఱచుగా వినవచ్చుచున్నది. చెఱువునీటిమీద సౌరఫలకములను తేలవేసి విద్యుచ్ఛక్తి పుట్టించెదమనియు, అందుకు ఏటేట కౌలు చెల్లించెదమనియు చెప్పుకొనుచు గ్రామములకు మనుష్యులు వచ్చుచున్నారట. “ఒప్పుకొనవచ్చునా, కూడదా?” అని సభ్యులు మమ్ము అడుగుచున్నారు. ఒక సమావేశమున ఒక వృద్ధ రైతు లేచి, “ఎండ సూర్యభగవానునిది, నీళ్లు చెఱువువి, వచ్చెడి పైకము మాత్రము ఎవరిదండీ?” అని అడుగగా అందఱును నవ్విరి. మాకు మాత్రము ఆ ప్రశ్న నవ్వి విడువదగినదిగా తోచలేదు. అందుచేత ఈ నెల ఈ విషయమును కొంత విపులముగా వ్రాయ నిశ్చయించితిమి.

మొదట ఈ ఏర్పాటు ఎట్టిదో చెప్పెదము. మేడలమీదను, పొలములలోని బోరుమోటార్ల ప్రక్కను మనము చూచుచున్న సౌరఫలకములే ఇవియును. భేదమెల్ల క్రింది ఆధారములోనే ఉన్నది. నేలపై ఇనుపకంబములు పాతుటకు బదులు, లోపల గాలిగల గట్టి ప్లాస్టికు డొల్లలను ఒకదానికొకటి తగిలించి తెప్పవలె చేసి, వానిమీద ఫలకములను బిగింతురు. ఆ తెప్ప గాలికి కొట్టుకొని పోకుండ మోకులతో కట్టి, నీటి అడుగున దింపిన బరువుదిమ్మెలకు తగిలింతురు. ఫలకములలో పుట్టిన కరెంటును ఇన్వర్టరు అను యంత్రము మనము వాడుకొను కరెంటుగా మార్చును. అక్కడనుండి ట్రాన్స్‌ఫార్మరు, కేబులు, సబ్‌స్టేషను — ఈ దారి మీరెఱిగినదే.

ఇట్టి ఏర్పాటును కన్నులార చూడదలచిన వారు దూరదేశములకు పోనక్కఱలేదు. పెద్దపల్లి జిల్లా రామగుండమున ఎన్.టి.పి.సి. వారి థర్మల్ విద్యుత్కేంద్రమునకు చెందిన జలాశయముపై 100 మెగావాట్ల తేలుడు కేంద్రము 2022 జులై 1వ తేదీనాటికి సంపూర్ణముగా పనిచేయ నారంభించినది. అది 500 ఎకరముల నీటిమీద పఱచుకొని ఉన్నది. దానిని 40 భాగములుగా చేసిరి. ఒక్కొక్క భాగము రెండున్నర మెగావాట్లది. ఒక్కొక్క దానిలో 11,200 ఫలకములు. ఇన్వర్టరును, ట్రాన్స్‌ఫార్మరును సహితము నీటిమీదనే తేలుచుండును. మొత్తము వ్యయము 423 కోట్ల రూపాయలు. దీనివలన ఏటికి 1,65,000 టన్నుల బొగ్గు ఆదా యగుననియు, 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండ మిగులుననియు ప్రకటించిరి.

ఈ కడపటి అంకెను మన లెక్కలోనికి మార్చి చూతము. ఒక ఎకరముమీద ఒక అడుగు లోతున నిలుచు నీటిని ఎకరపుటడుగు అందుము. 32.5 లక్షల ఘనపు మీటర్లు అనగా సుమారు 2,600 ఎకరపుటడుగులు. 500 ఎకరములమీద పంచినచో ఎకరమునకు అయిదడుగులకు పైబడిన నీరన్నమాట. ఇది అతిశయోక్తి కాదు. మన ప్రాంతపు ఎండలకు, వేడిగాలులకు నిండు జలాశయమునుండి ఏడాదిలో అయిదాఱడుగుల నీరు ఆకాశమున కలియుట నిజమే. వరిపంటకు ఎకరమునకు నాలుగడుగుల నీరు కావలెననుకొన్నను, ఈ మిగులు నీటితో ఆఱువందల యేబది ఎకరములు పండును. ఈ మాట వినగానే రైతునకు ఆశ పుట్టుట సహజము. గ్రామములకు వచ్చెడి వారును ముందుగా చెప్పుచున్నది ఈ నీటి మిగులును గూర్చియే.

కాని రామగుండపు లెక్కను మన ఊరి చెఱువునకు ఉన్నదున్నట్లు తగిలింపరాదు. విద్యుత్కేంద్రపు జలాశయమున యంత్రముల నిమిత్తము ఏడాది పొడుగున నీరు నిలువ ఉంతురు. మన చెఱువో, వానలకు నిండి, ఆయకట్టునకు పారి, మాఘ ఫాల్గుణములనాటికి తూము క్రిందికి దిగిపోవును. ఎండలు మండిపడు చైత్ర వైశాఖములలో, అనగా నీరు మిక్కిలిగా ఆవిరియగు కాలమున, అనేక చెఱువులలో ఆవిరియగుటకు నీరే ఉండదు.

ఒక ఉదాహరణము తీసికొందము. ఏబది ఎకరముల నీటివైశాల్యముగల చెఱువు. దానిపై ఒక మెగావాటు ఏర్పాటు వేసిరి. రామగుండపు లెక్కన అది అయిదెకరములను ఆక్రమించును. ఏడాదియంతయు చెఱువు నిండుగా ఉన్నయెడల ఆ అయిదెకరములమీద మిగులు నీరు ఇరువదియాఱు ఎకరపుటడుగులు. చెఱువు ఆఱేడు నెలలే నిండియుండుననుకొన్నచో, అవియును వాన, చలి నెలలే గనుక, సగమైనను మిగులుట కష్టము. అనగా పండ్రెండు ఎకరపుటడుగులు, మూడెకరముల వరి. తక్కిన నలుబదియైదు ఎకరముల నీటిని ఎండ ఎప్పటివలెనే త్రాగును. మూడెకరముల నీరు చిన్నది కాదు, ఒప్పుకొందుము. కాని తూము తలుపు అరిగి, కట్టలో ఎలుకబొరియలు పడి, ఏటేట దానికి ఎన్నో రెట్ల నీరు వృథాగా పోవుచుండ చూచుచు ఊరకున్న గ్రామములు ఆవిరిని గూర్చి విచారించుట మాకు కొంత వింతగా తోచుచున్నది.

నీరు తగ్గుటలో ఇంకొక చిక్కును గలదు. తెప్పలు నీటిమీద ఉండుటకు చేయబడినవి. నీరు దిగిపోయి, ఎగుడుదిగుడుగా ఉన్న అడుగుమీదను బురదమీదను కూర్చుండినచో, తగులుకొక్కెములు వంగును, ఫలకములు మెలిపడును. దీనిని సైచునట్లు ప్రత్యేకముగా చేయింపవచ్చును. దానికి వ్యయము వేఱు. మోకుల పొడుగును సహితము నిండు నీటికిని, అడుగంటిన నీటికిని సరిపడునట్లు కుదుర్చవలెను. మన చెఱువునీరు అలుగు మట్టమునుండి తూము మట్టమువఱకు ఎన్ని అడుగులు దిగునో, ఎన్నేండ్ల కొకసారి పూర్తిగా ఎండునో వచ్చినవారు అడుగనైన అడుగనియెడల, వారు ఆ చెఱువును సరిగా చూడలేదని తెలిసికొనవలెను. ఈ సంగతి ఊరి నీరటికి తెలిసినంత ఏ ఇంజనీరునకును తెలియదు.

ఇక నిజమైన లాభములను దాచుట మాకు ఇష్టము లేదు. వీనిలో మొదటిది నేల. నేలపై ఒక మెగావాటునకు నాలుగైదు ఎకరములు కావలెను. సౌరవిద్యుత్తు కొఱకు సాగుభూములు ఫలకముల క్రిందికి పోవుచున్నవన్న బాధ అనేక జిల్లాలలో ఉన్నది. నీటిమీద వేసినచో ఒక సెంటు పొలమైనను పోదు. అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రపు నాపా లోయలో ద్రాక్షతోటల వారొకరు 2008లో ఈ కారణముచేతనే తమ నీటిగుంటమీద దాదాపు వేయి ఫలకములను తేలవేసిరి. ఫలకముల కొఱకు తీగెలు పెఱికివేయుటకు వారికి మనసు ఒప్పలేదు. లోకమున మొదట వెలసిన తేలుడు ఏర్పాట్లలో అది యొకటి. అదియును ఒక వ్యవసాయదారుని ఆలోచనయే అని మన సభ్యులు గమనింప ప్రార్థన. అంతకు ముందేడు, 2007లో, జపాను దేశమున ఐచి ప్రాంతములో చిన్న ప్రయోగమొకటి జరిగియుండెను.

రెండవది చల్లదనము. ఎండ ఎక్కువైనకొలది ఫలకము ఎక్కువ కరెంటు ఇచ్చునని సామాన్యముగా అనుకొందుము. వెలుగు మంచిదే, వేడి మాత్రము పనికిరాదు. 25 డిగ్రీలకు పైన ఒక్కొక్క డిగ్రీ వేడికి ఉత్పత్తి నూటికి అరపాలుకు కొంచెము తక్కువగా తగ్గుచుండును. మన వేసవిలో నేలమీది ఫలకము చేయి పెట్టలేనంతగా కాలును. నీటిమీద కొన్ని డిగ్రీలు చల్లగా ఉండును గనుక నూటికి కొన్ని పాళ్లు ఎక్కువ కరెంటు వచ్చును. కాని నేలమీది ఏర్పాటుకంటె తెప్పలకును, మోకులకును, నీటి తేమకు ఓర్చు కేబుళ్లకును పెట్టుబడి అధికము. చల్లదనము ఇచ్చిన దానిలో చాలభాగమును ఈ అధికవ్యయము మ్రింగివేయును. దుమ్ము తక్కువన్న మాట నిజమే. అయితే ఫలకములమీద కొంగలును నీటికాకులును చేరి రెట్టలు వేయును. కడుగుటకు పడవపై పోవలెను.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తుము. చెఱువు అనగా వట్టి నీటిగుంట కాదు. ఆయకట్టు రైతు దానిని పొలముల తల్లిగా చూచును. కాని అతడొక్కడే దానికి బిడ్డ కాడు. బెస్తవారు, గంగపుత్రులు, ముదిరాజులు దానిమీద వల వేసి బ్రదుకుదురు. వారికిని మనవలెనే సహకార సంఘములు గలవు. తెలంగాణమున చెఱువులలో చేపలు పట్టు హక్కు ఆ సంఘములకే ఇత్తురు; 2016–17 మొదలుకొని ప్రభుత్వము వారు చేపపిల్లలను ఉచితముగా పంచిరి. ఫలకముల తెప్ప చెఱువు మధ్య లోతున వేయుదురు. వేసవిలో చేపలు చేరునది ఆ లోతుకే. తెప్ప క్రింద వల లాగ వీలుకాదు. మోకులకు వల చిక్కి చినుగును. విద్యుత్తు కేబుళ్లున్న చోటికి పడవను రానీయరు, రానీయకుండుటే న్యాయము. అనగా కాగితముమీద అయిదెకరములు పోయినను, బెస్తవానికి పోవునది చెఱువులో మంచిచోటు. ఆ కౌలులో అతనికి పాలు లేనిచో, ఒక సహకార సంఘము లాభమునకై మఱియొక సహకార సంఘము నోట మన్ను కొట్టినట్లగును. మన పత్రిక దీనికి సమ్మతింపజాలదు.

పసులు దిగు రేవు, రజకుల రేవు, బతుకమ్మలను నీట విడుచు మెట్లు — వీనిని మాత్రము గట్టు ప్రక్కన విడిచిపెట్టుట కష్టము కాదు. ముందే పటములో గుర్తింపవలసి యుండును.

పూడిక సంగతి ఇంతకంటె గట్టిది. 2015లో తెలంగాణమున ఆరంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమమున 46 వేలకు పైబడిన చెఱువుల పునరుద్ధరణము తలపెట్టిరి. పూడిక తీసి ఆ ఒండ్రుమట్టిని బండ్లతోను ట్రాక్టర్లతోను పొలములకు తోలుకొనిన రైతులు ఎరువుఖర్చు తగ్గుటను కన్నులార చూచిరి. ఒకసారి తీసినంత మాత్రమున పూడిక మఱల రాక మానదు. ఈ ఏర్పాట్లకు ఒప్పందములు సాధారణముగా ఇరువదియైదేండ్లకు జరుగును. ఆ ఇరువదియైదేండ్లలో చెఱువు అడుగున బరువుదిమ్మెలు, మోకులు, కేబుళ్లు పఱచియుండగా పూడికతీత ఎట్లు జరుగును? తెప్పలను ఒక ప్రక్కకు జరుపవచ్చునని చెప్పుదురు. జరుపుట ఎవరు చేయవలెను, ఎవరి వ్యయముతో, అన్ని దినములు కరెంటు నిలిచినందుకు నష్టము ఎవరిది? ఈ మాట ఒప్పందమున లేకున్నచో, పాఱ పట్టుకొని పోయిన రైతు ఆస్తినష్టము చేసినవాడగును.

నీటి ఆరోగ్యమును గూర్చి కూడ కొంత చెప్పవలెను. ఎండ తగ్గినచో పాచి తగ్గును; త్రాగునీటి జలాశయములకు ఇది మేలు. విశాఖపట్టణపు ముడసర్లోవ జలాశయముమీద 2018లో 2 మెగావాట్ల ఏర్పాటు చేసిరి. అట్టిచోట ఈ లాభము లెక్కకు వచ్చును. కాని చేపల చెఱువులో కొంత పాచి, కొంత వెలుగు, నీటిలో కరిగిన ప్రాణవాయువు ఉండవలెను. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయము వారు చిన్న గుంటలను నూటికి 70 పాళ్లు ఫలకములతో కప్పి పరీక్షించి, ఆ ఫలితములను 2024లో ప్రకటించిరి. నీటిలో ప్రాణవాయువు బాగుగా తగ్గెననియు, భూమిని వేడెక్కించు వాయువులు ఆ గుంటలనుండి సుమారు 27 పాళ్లు అధికముగా వెలువడెననియు వారు కనుగొనిరి. డెబ్బది పాళ్లు కప్పుట చాల ఎక్కువ. పదింట ఒక పాలు కప్పిన చెఱువునకు అంత కీడు కలుగునని మేము చెప్పుట లేదు. అయితే పైన చెప్పిన ఏబది ఎకరముల చెఱువు వేసవిలో పదెకరములకు ముడుచుకొనినప్పుడు, అదే అయిదెకరముల తెప్ప సగము నీటిని కప్పును. ఒప్పందములో వ్రాయు శాతము నిండుచెఱువునకా, వేసవి చెఱువునకా అని అడుగుట ఇందుకొఱకే.

గాలివానలను మఱువరాదు. జపాను దేశమున చీబా ప్రాంతపు యమాకురా జలాశయముపైనున్న 13.7 మెగావాట్ల ఏర్పాటు 2019 సెప్టెంబరు తుపానుకు లంగరులు తెంచుకొని, ఫలకములు ఒకదానిమీద నొకటి గుట్టగా పడి, నీటి నడుమ అంటుకొని మండెను. అంతటి యంత్రప్రవీణులకే అట్లు జరిగినది. మన దేశమున మధ్యప్రదేశములోని ఓంకారేశ్వర జలాశయముమీద ఫలకములు 2024 ఏప్రిలులో వేసవి గాలివానకు దెబ్బతినినవి. మన కోస్తా జిల్లాల తుపానులను, తెలంగాణపు ఈదురుగాలులను ఎఱిగినవారికి ఇంతకంటె చెప్పనక్కఱలేదు.

ఇట్లు వ్రాసినందున ఈ పద్ధతినే మేము కాదనుచున్నామని తలపవలదు. తగిన చోటున ఇది మిక్కిలి మంచి పద్ధతి. థర్మల్ కేంద్రముల జలాశయములు అట్టి చోట్లు. రామగుండమునకు ముందే, 2021 ఆగష్టులో, విశాఖపట్టణము దగ్గఱ సింహాద్రి కేంద్రపు జలాశయముమీద 75 ఎకరములలో 25 మెగావాట్లు ఇట్లు నెలకొల్పిరి. నీరు నిలుకడగా ఉండును, కరెంటు తీగెలు అక్కడనే ఉన్నవి, ఆయకట్టు తగవు లేదు. జలవిద్యుత్కేంద్రముల వెనుకనున్న పెద్ద జలాశయములును తగినవే; పగలు ఎండతో కరెంటు పుట్టించి, ఆ మేరకు నీటిని ఆపి, సాయంకాలము దీపములు వెలుగు వేళకు విడువవచ్చును. చైనా దేశమున హ్వైనాన్ ప్రాంతములో బొగ్గుగనులు త్రవ్వగా క్రుంగిపోయి నీరు నిండిన భూములమీద 2017లో 40 మెగావాట్ల కేంద్రము నిలిపిరి. ఒకనాటి పొలములు మఱల పొలములు కాజాలవు. అట్టి నీటిమీద ఫలకములు వేసినందుకు ఎవరును చింతింపనక్కఱలేదు.

రైతు తన తోటలో ప్లాస్టికు పఱచి కట్టుకొనిన నీటికుంట మఱియొక తగిన చోటు. నీరు తనది, కుంట తనది, వేసవిలో సహితము నీరు నిలువ ఉంచును, అక్కడ ఆవిరియైన ప్రతి బిందెయు పైకము పెట్టి తోడినదే. మోటారునకు సరిపడు కొద్ది ఫలకములను అట్టి కుంటమీద తేలవేయుట ఆలోచింపదగినది. అడుగున పఱచిన ప్లాస్టికు చినుగకుండ లంగరులను గట్టుమీదనే బిగింపవలెను.

చెఱువునే పట్టుకొని యుండనక్కఱలేదని కూడ సభ్యులకు మనవి. 2019లో ఆరంభమైన పి.ఎం. కుసుమ్ పథకమున సబ్‌స్టేషనుకు చేరువనున్న బీడుభూములలో 500 కిలోవాట్లు మొదలుకొని 2 మెగావాట్ల వఱకు సౌరకేంద్రములు పెట్టుటకు రైతులకును, సహకార సంఘములకును, పంచాయతీలకును అవకాశము కల్పించిరి. ఊరి ప్రక్కన రాతిగుట్ట, చవుడునేల ఊరక పడియుండగా చెఱువుమీదికి దిగుట ఎందుకు? గుట్టమీద కౌలుదారుగా కాక యజమానిగా సంఘమే నిలువవచ్చును. ఒక మెగావాటు ఏడాదికి పదునైదు లక్షల యూనిట్లకు తక్కువ కాకుండ ఇచ్చును. యూనిటుకు పదిపైసల కౌలన్నను అది లక్షన్నర రూపాయలు. మిగిలిన పైసలన్నియు పెట్టుబడి పెట్టినవానివి. వృద్ధ రైతు అడిగిన ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉన్నది.

అయినను కొన్ని గ్రామములలో ఏడాది పొడుగున ఎండని పెద్ద చెఱువులు ఉండవచ్చును. ఒప్పుకొనుటకే జనులు నిశ్చయింపవచ్చును. అట్టివారు ముందుగా ఒక సంగతి తెలిసికొనవలెను. చెఱువుమీద ఏ ఒక్కరికిని పూర్తి హక్కు లేదు. నీటిపారుదల శాఖవారు, పంచాయతీవారు, 1997 నాటి చట్టము క్రింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘమువారు, మత్స్యకారుల సంఘమువారు అందఱును ఒకచోట కూర్చుండి, అందఱి ఎదుటను షరతులు చదివించుకొనవలెను. సర్పంచి ఒక్కని సంతకముతో, సంఘాధ్యక్షుడు ఒక్కని సంతకముతో పని జరుగనీయరాదు. వేసవి నీటివైశాల్యములో ఎంత పాలు కప్పవచ్చునో అంకెతో వ్రాయించవలెను. తూము తెఱచు హక్కు ఎప్పటివలె ఆయకట్టుదే యనియు, ఫలకములు తేలుటకై నీరు నిలుపుమని అడుగు హక్కు ఎవరికిని లేదనియు స్పష్టముగా ఉండవలెను. ఇది లేని ఒప్పందము ఎంత కౌలిచ్చినను పనికిరాదు. కౌలు మొత్తములో మత్స్యకారులకు పోవు పాలు వేఱుగా, వారి సంఘపు ఖాతాకే నేరుగా జమ కావలెను. నీటిపై పనిచేయువారి కొఱకును, ఈతకు దిగు పిల్లల కొఱకును కరెంటు కేబుళ్లకు గుర్తులు, కంచె, రాత్రి దీపము పెట్టు బాధ్యత పెట్టుబడిదారునిదే.

ఇరువదియైదేండ్ల పిమ్మట ఆ డొల్లలు, ఫలకములు, అడుగునున్న దిమ్మెలు ఎవరు తీసికొనిపోవుదురన్న ప్రశ్నను చాలమంది అడుగుటకే మఱచుచున్నారు. కంపెనీలు చేతులు మారును, పేర్లు మారును. తీసివేయుటకు వలయు పైకమును మొదటి ఏడే జిల్లా సహకార బ్యాంకులో డిపాజిటుగా కట్టించుకొని, దాని రశీదును సంఘపు పెట్టెలో భద్రపఱచుకొనవలెను. ఈ విషయమున నమూనా షరతులు కావలసిన సంఘములవారు తమ చెఱువు ఆయకట్టు, అలుగు ఎత్తు, ఏయే నెలలలో నీరు ఎంత నిలుచునో వ్రాసి పంపినయెడల, ఆయా చెఱువునకు తగినట్లు వ్రాసి పంపగలము.